విప్పేముందు కొలవాలి: పాత ఇటాలియన్ మోటార్ సైకిళ్ల ఇంటి సంరక్షణ

ఇటలీలో 1960ల చివరి నుంచి 1980ల మధ్య వరకు తయారైన మోటార్ సైకిళ్లకు, అంటే కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియోలో పుట్టిన మోటో గుజ్జిలకు, బొలోన్యా నగరపు డుకాటిలకు, బ్రెగాంట్సే పట్టణపు లావెర్డాలకు రెండు రకాల పేరు స్థిరపడిపోయింది. వీటి ఇంజన్ నడకను మెచ్చుకోని వారు లేరు, వీటి వైరింగును తిట్టని వారూ లేరు. అటువంటి బండిని కొని ఇంటి షెడ్డులో పెట్టుకున్న యజమానికి కొద్ది నెలల్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: నిన్న సాయంత్రం చక్కగా నడిచిన యంత్రం ఈ ఉదయం ఎందుకు మొరాయిస్తోంది? ఇటాలియన్ బండ్ల స్వభావమే అంత అని సరిపెట్టుకోవడం సులువే గాని, దానివల్ల బండి కదలదు. పైగా ఆ మాటలో నిజం తక్కువ.

ఈ వయసు బండ్లలో కనిపించే లోపాలలో అధిక భాగం ఇంజన్ రూపకల్పనలోనివి కావు. నలభై, యాభై ఏళ్లుగా చిలుము పట్టిన విద్యుత్ కనెక్షన్లు, ట్యాంకులో నిలిచి చెడిన పెట్రోలు, తెలిసీ తెలియక విప్పి బిగించిన పాత యజమానుల చేతులు, ఈ మూడే చాలా వరకు కారణాలు. ఈ మూడింటినీ పెద్ద వర్క్‌షాపు లేకుండానే, కొలిచే అలవాటు ఒక్కటి ఉంటే, ఇంట్లోనే పట్టుకోవచ్చు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి, గరాజ్ ఉన్న ఇల్లు దొరికాక ఇటువంటి బండిని ముచ్చటపడి కొనుక్కున్న తెలుగువారికి, అక్కడి మెకానిక్కుల గంట కూలిని తలచుకుంటే ఈ అలవాటు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ అధ్యాయంలో ప్రధాన ఉదాహరణగా మోటో గుజ్జి వారి పెద్ద వి-ట్విన్‌ను, అంటే రెండు సిలిండర్లు 90 డిగ్రీల కోణంలో బండికి అటొకటి ఇటొకటి పొడుచుకు వచ్చే ఇంజన్‌ను తీసుకోవడం జరిగింది. జూలియో చేజరే కార్కానో రూపొందించిన ఈ ఇంజన్ 1967లో 703 సీసీ వి7 బండితో జనంలోకి వచ్చి, 1971లో లీనో టొంటి గీసిన కొత్త చాసిస్‌లో వి7 స్పోర్ట్‌గా, తరువాత 850 టీ3గా, 1976లో 850 లె మాన్స్‌గా కొనసాగింది. కార్బురేటర్లు, ప్లగ్గులు, హెడ్ మూతలు అన్నీ ట్యాంకు దించకుండానే చేతికి అందే అమరిక కావడం వల్ల, పని నేర్చుకోదలచిన వారికి ఇంతకంటే అనుకూలమైన ఇంజన్ ఆ తరంలో మరొకటి కనిపించదు.

1. నమూనాకు తగిన మాన్యువల్, కొద్దిపాటి పనిముట్లు ముందు చేరాలి. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో కూడా ఏడాదికేడాది కొలతలు మారడం ఆ కర్మాగారాలలో మామూలు కాబట్టి, ఆ సంవత్సరపు నమూనాకు చెందిన మాన్యువల్ లేకుండా పని ప్రారంభించడం ఆదిలోనే హంసపాదు. మెట్రిక్ పానాలు, అలెన్ కీలు, సందులను కొలిచే సన్నని ఉక్కు రేకుల గుత్తి అయిన ఫీలర్ గేజ్, బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపే టార్క్ రెంచ్, వోల్టులను ఓమ్‌లను చూపే మల్టీమీటర్ ఉంటే చాలు. వీటిలో ఒక్కదానికే డబ్బు ఉన్నదనుకుంటే కొనవలసింది మల్టీమీటర్‌నే. పని ఎప్పుడూ సెంటర్ స్టాండు మీదనే సాగాలి. టొంటి చాసిస్ గుజ్జిలలో చాలావాటికి సైడ్ స్టాండు, బండి బరువు కాస్త తగ్గగానే దానంతట అదే ముడుచుకుపోయే స్ప్రింగుతో వచ్చింది, ఆ కారణంగా నిలబడిన చోటనే పక్కకు ఒరిగి పడిన ట్యాంకులకు లెక్క లేదు.

2. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కుడి సిలిండర్ మిస్ కొడుతోందని ఒక యజమాని ఆదివారం ఉదయం కూర్చుని ప్లగ్గులు మార్చి, కార్బురేటర్ జెట్లు కడిగి, పాయింట్ల గ్యాప్ సరిచేసి, మధ్యాహ్నానికి ఇంజన్ ఆన్ చేశాడనుకుందాం. మిస్సింగ్ పోతే ఏ పని వల్ల పోయిందో అతనికి తెలియదు, కాబట్టి అది మళ్లీ వచ్చిన రోజున మొదటి నుంచి మొదలు పెట్టవలసిందే. మిస్సింగ్ పోకపోతే మరీ చిక్కు, ఎందుకంటే పాత లోపానికి తోడు కొత్తగా చేసిన మూడు పనులలో దేనిలోనో పుట్టిన లోపం కూడా కలిసి ఉండవచ్చు. చేసిన ప్రతి మార్పును, చూసిన ప్రతి కొలతను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదట్లో చాదస్తంగా అనిపించినా, రెండో ఏడాదికి ఆ పుస్తకమే మాన్యువల్ కంటే ఎక్కువ పనికి వస్తుంది.

3. బండి స్టార్ట్ కానప్పుడు మొదటి ప్రశ్న బ్యాటరీని అడగాలి. రాత్రంతా ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరుకు 12.6 నుంచి 12.8 వోల్టుల వరకు చూపితే నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ బటన్ నొక్కి ఇంజన్ తిరుగుతుండగా అది సుమారు 9.5 వోల్టుల కంటే కిందికి పడిపోతే, చార్జి నిండి కనిపించినా బ్యాటరీలో సత్తువ లేనట్టే. ఈ రెండు కొలతలకు రెండు నిమిషాలు పడతాయి. ఇవి చూడకుండా కార్బురేటర్ మీద పడడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. అయినా ఎంతమంది యజమానులు ముందు కార్బురేటర్‌నే విప్పడం లేదు?

4. ఫ్యూజులు, ఎర్త్ కనెక్షన్లు కంటితో చూసి వదిలేయదగినవి కావు. ఈ బండ్లలో వాడిన ఫ్యూజులు రెండు కొసలూ మొనతేలిన చిన్న కడ్డీల వంటివి, పైన సన్నని లోహపు పట్టీ ఉంటుంది. అవి రాగి రేకుల మధ్య ఒత్తిడి మీద మాత్రమే నిలుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ రేకుల స్ప్రింగు బలం తగ్గి, కొసల దగ్గర చిలుము పట్టి, ఫ్యూజు కాలిపోకుండానే కరెంటు ఆగిపోతుంది. గుంతల రోడ్డు మీద ఆగి మళ్లీ తనంతట తాను స్టార్ట్ అయ్యే బండికి కారణం తరచుగా ఇక్కడే దొరుకుతుంది. ఫ్యూజు కొసలను, రేకులను సన్నని ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్ది, రేకులను కాస్త లోపలికి వంచి బిగువు పెంచడం తాత్కాలిక వైద్యం. కార్లలో వాడే బ్లేడ్ రకం ఫ్యూజు పెట్టెకు మొత్తం వైరింగును మార్చుకోవడం శాశ్వత వైద్యం. పాత బండి అసలు రూపం చెడకూడదని పట్టుబట్టే వారు దీనికి ఒప్పుకోరు గాని, సీటు కింద ఎవరికీ కనిపించని పెట్టె కోసం దారిలో నిలిచిపోవడం ఏమంత గొప్ప నిష్ఠ కాదు.

ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు, చాసిస్‌కు వెళ్లి కరెంటు తిరిగి వచ్చే దారి. పెయింటు మీద బిగించిన టెర్మినల్, తుప్పు పట్టిన వాషర్ ఈ దారిని ఇరుకు చేస్తాయి, కానీ ఊరికే చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసను ఇంజన్ కేస్ మీద పెట్టి సెల్ఫ్ నొక్కితే, మీటరు అర వోల్టు కంటే ఎక్కువ చూపరాదు. ఎక్కువ చూపితే లోపం ఆ తీగలోనో దాని కొసలలోనో ఉన్నదన్నమాట. బ్యాటరీ పాజిటివ్ నుంచి స్టార్టర్ వరకు ఉన్న లావు తీగను కూడా ఇదే విధంగా కొలవవచ్చు.

సెల్ఫ్ బటన్ నొక్కితే టక్ మన్న శబ్దం కూడా రాకుండా, నాలుగైదు సార్లు నొక్కాక ఒక్కసారిగా స్టార్టర్ తిరగడం గుజ్జి యజమానులకు బాగా తెలిసిన పేచీ. స్టార్టర్ మీద ఉండే సొలినాయిడ్, అంటే పళ్ల చక్రాన్ని ఫ్లైవీల్ మీదికి తోసే విద్యుత్ అయస్కాంతం, కదిలే క్షణంలో చాలా కరెంటు లాగుతుంది. ఆ కరెంటు తాళంచెవి స్విచ్చు గుండా, సన్నని పాత తీగల గుండా రావలసిన అమరికలో దారిలోనే వోల్టేజి తరిగిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా కరెంటు తెచ్చుకుని, పాత బటన్ తీగతో ఒక రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చును, మాత్రమే పని చేయిస్తే ఈ పేచీ తీరుతుంది. కార్ల విడిభాగాల దుకాణంలో దొరికే మామూలు రిలే ఇందుకు సరిపోతుంది.

5. చార్జింగ్ దీపం ఉన్నది అలంకారానికి కాదు. టొంటి చాసిస్ గుజ్జిలలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన బాష్ ఆల్టర్నేటర్ ఉంటుంది. అందులో తిరిగే భాగమైన రోటర్ అయస్కాంతంగా మారాలంటే మొదట కొద్దిపాటి కరెంటు అందాలి, ఆ కరెంటు వచ్చేది మీటరు పక్కన ఉన్న ఎర్ర దీపం గుండానే. ఆ బల్బు మాడిపోతే దీపం వెలగదు సరే, ఆల్టర్నేటర్ కూడా మేలుకోదు. చార్జింగ్ లేదని రెగ్యులేటర్, డయోడ్ పలక, చివరికి ఆల్టర్నేటర్ కూడా మార్చిన తరువాత అసలు లోపం ఒక చిన్న బల్బులో దొరకడం ఎంత దిగులు పుట్టించే సంగతి!

కాబట్టి పరీక్ష ఒక వరుసలో సాగాలి. తాళం తిప్పగానే, ఇంజన్ ఆన్ చేయకముందే, దీపం వెలగాలి. వెలగకపోతే ముందు బల్బు, తరువాత రోటర్‌ను తాకే బొగ్గు బ్రష్షులు, ఆ తరువాత రోటర్ చుట్ట చూడాలి. రోటర్ మీది రెండు రాగి కంకణాల మధ్య మీటరు సుమారు 3 నుంచి 4 ఓమ్‌లు చూపితే చుట్ట క్షేమం, ఏమీ చూపకపోతే తెగినట్టు. ఇంజన్ వేగం పెంచినా దీపం ఆరకపోతే లోపం చార్జింగ్ వైపు ఉన్నట్టు. చివరగా ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ దగ్గర కొలిస్తే 14 వోల్టులు, కాస్త అటూ ఇటూగా రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తున్నట్టు అర్థం. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ ఊరికే నడిచే వేగంలో, నిలిపి కొలిచి చార్జింగ్ లేదని కంగారు పడడం సాధారణంగా జరిగే పొరపాటు, ఎందుకంటే ఈ ఆల్టర్నేటర్లు స్లోలో దాదాపు ఏమీ ఇవ్వవు. హెడ్ లైటు వేసుకుని నగర ట్రాఫిక్‌లో గంటసేపు నడిపితే బ్యాటరీ తరగడం వాటి సహజ లక్షణం.

6. రెండు సిలిండర్లలో బాగున్నదే చెడినదానికి కొలబద్ద. ఒంటి సిలిండర్ బండిలో లేని గొప్ప సౌకర్యం ఇది, దీన్ని వాడుకోని వారే ఎక్కువ. మిస్సింగ్ ఏ వైపు ఉన్నదో ముందు తేల్చుకోవాలి: చల్లని ఇంజన్‌ను ఒక నిమిషం నడిపి రెండు సైలెన్సర్ గొట్టాల మీద, హెడ్‌కు దగ్గరగా, నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే, మండుతున్న వైపు చుక్కలు వెంటనే ఆవిరవుతాయి, మండని వైపు జారిపోతాయి. 850 టీ3 వంటి నమూనాలలో ఒక్కొక్క సిలిండర్‌కు విడివిడిగా పాయింట్లు, కండెన్సర్, కాయిల్, కార్బురేటర్ ఉంటాయి కాబట్టి, ఇక అనుమానం ఉన్న భాగాన్ని రెండో వైపుకు మార్చి చూడడమే మిగిలిన పని. ముందు ప్లగ్గులు అటువి ఇటు మార్చాలి. లోపం ప్లగ్గుతోపాటు వెళ్లిపోతే కారణం దొరికినట్టు. వెళ్లకపోతే ప్లగ్ క్యాపులు, ఆ తరువాత కాయిళ్లు, ఆ తరువాత కండెన్సర్లు. పైసా ఖర్చు లేకుండా, ఏ కొత్త భాగం కొనకుండా, ఈ విధంగా లోపం ఉన్న చోటును చుట్టుముట్టవచ్చు.

పాయింట్లు అంటే కాయిల్‌కు కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే చిన్న స్విచ్చు. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల ముఖాలు నల్లగా మాడి, రుద్దిన వారానికే మళ్లీ మాడుతుంటే నేరం పాయింట్లది కాదు, వాటి మీద మెరుపు పుట్టకుండా ఆపవలసిన కండెన్సర్‌ది.

7. ట్యూనింగుకు ఒక క్రమం ఉంది: ముందు ట్యాపెట్లు, తరువాత ఇగ్నిషన్, చివరకు కార్బురేటర్లు. ఈ క్రమం తప్పితే చేసిన పని చెడిపోతుంది, ఎందుకంటే వాల్వు సరిగా మూసుకోని సిలిండర్‌కు కార్బురేటర్‌లో ఎంత సర్దినా స్లో నిలవదు.

ట్యాపెట్ సెట్టింగ్ అంటే వాల్వు కాడకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఉండవలసిన సన్నని సందును సరిచేయడం. గుజ్జిలో ఇది తొలిసారి చేసేవారికి కూడా ఒక పూట పని. ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. రెండు ప్లగ్గులు తీసేసి, బండిని టాప్ గేరులో పెట్టి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. క్లచ్ హౌసింగ్ పక్కన ఉన్న రంధ్రంలోంచి చూస్తే ఫ్లైవీల్ మీద ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గీత, దాని పక్కన రోమన్ లిపిలో ఒక అక్షరం కనిపిస్తాయి. ‘డి’ అక్షరం కుడి సిలిండర్‌ది, ‘ఎస్’ ఎడమది, కుడి ఎడమలకు ఇటాలియన్ భాషలో ఉన్న దెస్త్రా, సినిస్త్రా అనే మాటల మొదటి అక్షరాలవి. ఆ గీత సూచిక ఎదురుగా వచ్చినప్పుడు ఆ వైపు పిస్టన్ పైకొసకు చేరినట్టు.

అయితే పిస్టన్ పైకొసకు క్రాంక్ తిరిగే ప్రతి రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, మొదటిసారి వాల్వులు రెండూ మూసుకుని ఉండగా, రెండోసారి అవి మారే సంధిలో. తొలిసారి చేసేవారు బోల్తాపడేది ఇక్కడే. రెండు రాకర్లనూ వేళ్లతో ఊపి చూస్తే రెండూ కొద్దిగా కదలాలి. కదలకపోతే క్రాంక్‌ను మరో పూర్తి చుట్టు తిప్పాలి. 850 టీ3కి రెండు వాల్వులకూ చల్లని ఇంజన్ మీద 0.22 మిల్లీమీటర్లు కొలత. మిగిలిన నమూనాలకు మాన్యువల్ చెప్పినదే ప్రమాణం. ఫీలర్ రేకు వెన్నలో కత్తిలా జారిపోకుండా, పట్టి లాగవలసినంత బిగువుగా కూడా కాకుండా, కాస్త రాసుకుంటూ కదలాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరగడం సహజం కాబట్టి, బిగించాక మళ్లీ కొలవనిదే ఆ వాల్వు పని పూర్తికాలేదనే భావించాలి. సందు కాస్త ఎక్కువైతే టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంది, అంతే. తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక దాని అంచు మాడిపోతుంది. చప్పుడు లేని ఇంజనే మంచి ఇంజన్ అనుకునేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

డుకాటి యజమానికి పరిస్థితి వేరు. ఫాబియో టాల్యోని 1968లో మార్క్ 3 దెస్మోతో రోడ్డు బండ్లకు తెచ్చిన దెస్మోద్రోమిక్ పద్ధతిలో వాల్వును తెరవడానికి ఒక రాకర్, స్ప్రింగుకు బదులు మూయడానికి మరొక రాకర్ ఉంటాయి, కాబట్టి ఒక్కో వాల్వుకు రెండు సందులు కొలవాలి, వాటిని సరిచేయడానికి స్క్రూ తిప్పితే చాలదు, తగిన మందం ఉన్న షిమ్ అనే చిన్న బిళ్లలను వెతికి అమర్చాలి. ఓర్పు ఉన్నవారు నేర్చుకోగలిగిన పనే, కానీ తొలి ఏడాది చేయవలసిన పని కాదు. 1979లో అమ్మకానికి వచ్చిన పాంటా 500 నుంచి డుకాటిలలో కామ్ షాఫ్టును తిప్పేది పళ్లున్న రబ్బరు బెల్టు. బండి తిరిగినా తిరగకపోయినా బెల్టు వయసు పెరుగుతూనే ఉంటుంది, అది తెగితే వాల్వులు, పిస్టన్ ఒకదానినొకటి ఢీకొంటాయి. రెండేళ్లకు ఒకసారి మార్చడం పరిపాటి. పాత బండి కొన్నప్పుడు అమ్మినవారి మాట ఎలా ఉన్నా మొదటి వారమే మార్చడం క్షేమం.

8. కార్బురేటర్‌ను చివర ముట్టుకోవాలి, ముట్టుకుంటే శుభ్రంగా ముట్టుకోవాలి. ఈ బండ్లలో దాదాపు అన్నింటికీ డెల్లోర్టో కార్బురేటర్లే. స్లోలో ఆగిపోతూ, యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం బాగా నడిచే ఇంజన్‌లో స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది. దాని రంధ్రం ఎంత సన్నదో చూడకుండా ఉక్కు తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై, పెట్రోలు లెక్క శాశ్వతంగా తప్పుతుంది. కార్బురేటర్ క్లీనర్‌తో నానబెట్టి గాలితో ఊదడమే సరైన పద్ధతి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పినప్పుడు ఇంజన్ ఒక క్షణం తడబడితే, పీహెచ్ఎఫ్, పీహెచ్ఎం రకాలలో ఉండే యాక్సిలరేటర్ పంపును చూడాలి: ఇంజన్ ఆపి, గొంతులోకి చూస్తూ స్లైడ్ ఎత్తితే పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి, చిమ్మకపోతే లోపలి రబ్బరు పొర చిరిగినట్టే. కార్బురేటర్‌ను హెడ్‌కు కలిపే రబ్బరు గొట్టం పగిలితే అదనపు గాలి లోపలికి పోయి స్లో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నడుస్తున్న ఇంజన్ మీద ఆ గొట్టం చుట్టూ నీటి తుంపర కొట్టినప్పుడు నడక మారితే పగులు అక్కడ ఉన్నట్టు.

రెండు కార్బురేటర్ల స్లైడ్లు ఒకే క్షణంలో లేవాలి. రెండు గొంతుల్లోకి చెరొక వేలు పెట్టి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి తిప్పితే ఏది ముందు లేస్తోందో వేళ్లకే తెలుస్తుంది. కేబుళ్ల సర్దుబాటు ఆ మేరకు చేసి, ఆ తరువాత వాక్యూమ్ గేజ్‌తో తుది మెరుగు దిద్దవచ్చు.

9. పెట్రోలు విషయంలో యాభై ఏళ్ల కిందటి యంత్రానికి నేటి బంకు కొత్త లోకం. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, ఓ-రింగులను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలిస్తే కార్బురేటర్ లోపల పచ్చని పూతను మిగులుస్తుంది. భారతదేశంలో 2025 నాటికి ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది కాబట్టి, ఇటువంటి బండిని దిగుమతి చేసుకున్నవారికే కాదు, పియాజియో లైసెన్సుతో 1971 వరకు బజాజ్ తయారు చేసిన వెస్పాలను, 1972లో ఇన్నొచెంటి కంపెనీ యంత్రసామగ్రి లక్నోకు తరలివచ్చాక అక్కడ తయారైన లాంబ్రెట్టా వంశపు స్కూటర్లను ఇప్పటికీ నడిపే తెలుగు రాష్ట్రాల వారికి కూడా ఇది వర్తిస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసుకోవడం, నెలకు మించి బండి నిలిపితే కార్బురేటర్ అడుగు గిన్నెలు ఖాళీ చేయడం, ఈ రెండింటితో చాలా వరకు గండం గడుస్తుంది. ఫైబర్ గ్లాస్ ట్యాంకుతో వచ్చిన 1970ల డుకాటి స్పోర్ట్ బండ్లకు మాత్రం ఇవి చాలవు. ట్యాంకు గోడలే కరిగి జిగురుగా మారి ఇంజన్‌లోకి చేరతాయి కనుక, లోపల రక్షణ పూత వేయించాలి, లేదా లోహపు ట్యాంకు పెట్టుకుని అసలుదాన్ని దాచుకోవాలి.

10. అల్యూమినియంలో మర ఒక్కసారే క్షమిస్తుంది. హెడ్, సంప్ అనే అడుగు ఆయిల్ గిన్నె, గేర్ బాక్స్ అన్నీ అల్యూమినియం పోతలు కావడం వల్ల, ఉక్కు బోల్టును ‘ఇంకొక్క పట్టు’ బిగిస్తే తెగేది లోపలి మరే. ప్లగ్గును వేడి ఇంజన్‌లోంచి తీయడం, చేత్తో రెండు మూడు చుట్లు తిప్పకుండానే పానాతో మొదలుపెట్టడం, డ్రెయిన్ బోల్టుకు పాత వాషర్ వేసి కారకుండా ఉండాలని అతిగా బిగించడం, ఈ మూడు అలవాట్లను మానుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. మర పోయినా బండి పోయినట్టు కాదు. తీగ చుట్టతో కొత్త మరను తయారు చేసే హెలికాయిల్ పద్ధతిలో వేసిన మర చాలాసార్లు అసలుదానికంటే గట్టిగా ఉంటుంది.

11. ఆయిల్, బ్రేకులు. 850 టీ3లో ఇంజన్‌కు 3 లీటర్లు, గేర్ బాక్స్‌కు 0.75 లీటరు, వెనుక చక్రపు గేర్లకు 0.25 లీటరు ఆయిల్ వేరువేరుగా పడుతుంది. షాఫ్ట్ డ్రైవ్ కాబట్టి చైన్ బాధ లేదని సంతోషించి ఈ చివరి పావు లీటరును మరిచిపోయేవారు ఉన్నారు. టీ3లోనూ దాని తరువాతి చాలా నమూనాల్లోనూ ఆయిల్ ఫిల్టర్ సంప్ లోపల ఉంటుంది, మార్చాలంటే సంప్ మొత్తం దించాలి. అందుకే కాబోలు పాత యజమాని దాన్ని ఎన్నడూ మార్చి ఉండడు. బ్రేక్ ద్రవాన్ని రెండేళ్లకు ఒకసారి మార్చాలి. టీ3లో కాలి పెడల్ వెనుక డిస్క్‌తోపాటు ముందు డిస్క్‌లలో ఒకదాన్ని కూడా పట్టేలా గొట్టాలు కలిపి ఉంటాయి కాబట్టి, గాలి తీసేటప్పుడు వెనుక కాలిపర్‌తో సరిపెట్టుకుంటే పెడల్ మెత్తగానే ఉండిపోతుంది.

ఇంతవరకు చెప్పిన పనులన్నీ ఇంటి షెడ్డులో సాగేవే. ఇంట్లో ఆపవలసిన చోటు కూడా ఒకటుంది. 1970ల గుజ్జిలలో చాలావాటి సిలిండర్ల లోపలి గోడకు గట్టి క్రోమియం పూత ఉండేది. ఆ పూత వయసుతో, ముఖ్యంగా తేమలో ఏళ్లపాటు కదలకుండా నిలిచిన బండ్లలో, రేకులుగా ఊడిపోతుంది. ఊడిన రేకులు ఆయిల్‌తో కలిసి బేరింగుల దాకా వెళతాయి. సైలెన్సర్‌లో నీలిపొగ, వేగంగా తరిగే ఆయిల్, మార్చినప్పుడు పాత ఆయిల్‌లో మెరిసే పొట్టు కనిపిస్తే బండిని ఆ రోజు నుంచే ఆపాలి. అటువంటి సిలిండర్‌ను బోర్ చేయించడం కుదరదు. మాండెల్లోలోనే ఉన్న జిలార్దోని సంస్థ నికెల్ ఆధారిత పూతతో తయారు చేసే కొత్త సిలిండర్, పిస్టన్ జతలు అందుకు మారు, అవి ఐరోపాలోని పాత గుజ్జి విడిభాగాల వ్యాపారుల దగ్గర ఇప్పటికీ దొరుకుతున్నాయి. సిలిండర్లు దించిన రోజునే సంప్‌ను కూడా దించి, అడుగున చేరిన రేకులు ఎంత ఉన్నాయో చూసిన తరువాత, క్రాంక్ షాఫ్ట్‌ను కూడా విప్పించాలో లేదో బేరింగులు కొలవగల వర్క్‌షాపు వారితో కలిసి నిర్ణయించుకోవాలి.